నాణెం ఎగరేసినంత మాత్రాన ‘ఏదో ఒకటి’ అయిపోదు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ప్రయోగాత్మక సంగీతం మీద వచ్చిన పూర్తి పేజీ వ్యాసం చదివాను. ఇలాంటి విషయానికి ఒక పేజీ ఇచ్చినందుకు ముందు సంతోషం వేసింది, చదవడం పూర్తయ్యేసరికి అందులో సగం ఆవిరైంది. పాచికలు వేసి సంగీతం రాశారట, ఎవరికి తోచింది వాళ్లు వాయించారట, దానికి మళ్లీ చప్పట్లు కొట్టారట అని మొదటి నుంచి చివరి దాకా వెక్కిరింపే. వెక్కిరించారని కాదు నా బాధ. ఈ సంగీతాన్ని వెక్కిరించే హక్కు అందరికీ ఉంది, నేనూ అప్పుడప్పుడు ఆ పని చేస్తాను. ఏది ఏమిటో చూసుకోకుండా వెక్కిరించారు, పేచీ అక్కడ.

వ్యాసం అంతటా ‘చాన్స్’ అనీ ‘అనిశ్చితి’ అనీ రెండు మాటలు ఒకదానికి బదులు ఇంకొకటి వాడేశారు. అవి రెండూ ఒకటి కాదు. ఏ స్వరం తర్వాత ఏ స్వరం రావాలో కంపోజర్, అంటే సంగీతం రాసేవాడు, తన ఇష్టం మీద కాకుండా నాణెం మీదో పాచిక మీదో వదిలేస్తే అది చాన్స్. అలా తయారైన స్కోరు (స్వరాలు రాసిన కాగితం) పూర్తయ్యాక మామూలు స్కోరే, వాయించేవాళ్లు అందులో ఉన్నది ఉన్నట్టు వాయించాల్సిందే, పొల్లుపోకుండా. అనిశ్చితి సంగతి వేరు. అక్కడ కంపోజర్ కావాలనే కొన్ని ఖాళీలు వదిలిపెడతాడు, వాటిని వాయించేవాళ్లు నింపుకోవాలి, అందుకని అదే రచన ఒక్కోసారి ఒక్కోలా వినిపిస్తుంది. ఇందులో పాచిక మాటే ఉండకపోవచ్చు. మొదటి పద్ధతిలో కంపోజర్ తన చేతులు తానే కట్టేసుకుంటాడు, రెండో పద్ధతిలో పగ్గాలు పక్కవాడికి ఇచ్చేస్తాడు. ఈ తేడా పట్టుకోకపోతే మిగతా వ్యాసం ఎంత బాగా రాసినా గాల్లో కత్తి తిప్పినట్టే.

అమెరికన్ కంపోజర్ జాన్ కేజ్ 1951లో పియానోకి రాసిన ‘మ్యూజిక్ ఆఫ్ చేంజెస్’ చూడండి. మీ వ్యాసకర్త దీన్ని ‘నాణేలతో ఆడుకున్న ఆట’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. జరిగింది ఇదీ: కేజ్ దగ్గర చదువుకుంటున్న క్రిస్టియన్ వోల్ఫ్ అనే కుర్రాడు ఆయనకి చైనా వాళ్ల పాత గ్రంథం ‘ఐ చింగ్’ ఇచ్చాడు, ఆ కుర్రాడి తండ్రి ప్రచురణకర్త, ఇంగ్లిష్ అనువాదం ఆయన సంస్థ నుంచే వచ్చింది. ఆ పుస్తకం చూసే పద్ధతి ఏమిటంటే మూడు నాణేలు కలిపి వేయాలి. ఎన్ని బొమ్మలు పడ్డాయి, ఎన్ని బొరుసులు పడ్డాయి అన్నదాన్ని బట్టి ఒక అడ్డగీత వస్తుంది, నిండుగానో మధ్యలో తెగినట్టో. ఆరుసార్లు వేస్తే ఆరు గీతల గుర్తు ఒకటి. అలాంటి గుర్తులు మొత్తం 64. కేజ్ ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు గళ్ల పట్టికలు గీసుకున్నాడు, ధ్వనులకి కొన్ని, నిడివికి కొన్ని, బిగ్గరగానా మెల్లగానా అన్నదానికి కొన్ని, ఇంకా వేగానికీ, ఒకేసారి ఎన్ని పొరలు నడవాలన్నదానికీ కూడా. ధ్వనుల పట్టికల్లో సగం గళ్లు నిశ్శబ్దానికే పోయాయి. ఒక్కో ధ్వనికీ నాణేలు వేయడం, గుర్తు రాసుకోవడం, పట్టికలో వెతకడం, మళ్లీ నిడివికి వేయడం, మళ్లీ వెతకడం. ఇలా నలభై నిమిషాలకు పైగా నడిచే నాలుగు భాగాల రచన పూర్తి చేశాడు. దీన్ని ఆట అంటే రాళ్లు కొట్టడం కూడా ఆటే.

అసలు ఇదెలా ఉంటుందో చూద్దామని మీ వ్యాసం చదివిన రోజు సాయంత్రమే నేనూ కూర్చున్నాను. నాకు కీబోర్డ్ కొద్దిగా వచ్చు, అంతకు మించి ఏమీ లేదు. గ్రాఫ్ కాగితం మీద 64 గళ్లు గీసి, 32 ఖాళీగా వదిలి, మిగిలిన 32 గళ్లలో ఒంటరి స్వరాలు, రెండు మూడు కలిసిన గుత్తులు రాసుకున్నాను. ఒక గడిలో సరదాకి శుద్ధమైన సీ మేజర్ కార్డ్ కూడా పెట్టాను, కీబోర్డ్ నేర్చుకునే ప్రతివాడూ మొదటి రోజు వాయించేది. నిడివికి ఇంకో పట్టిక, శబ్దం స్థాయికి ఇంకోటి. అంటే ఒక్క ధ్వని తేలాలంటే మూడు నాణేలనీ పద్దెనిమిది సార్లు వేయాలి. గంటన్నరలో తొమ్మిది తేలాయి, అందులో నాలుగు నిశ్శబ్దాలు. నడుం పట్టేసింది.

కానీ ఆ గంటన్నరలో నాకు తెలిసొచ్చిన సంగతి పది వ్యాసాలు చదివినా తెలిసేది కాదు. ఐదోదానికి వేస్తున్నప్పుడు ఒక నాణెం దొర్లుకుంటూ మంచం కిందకి పోయింది. దాన్ని లెక్కలోకి తీసుకోవాలా, మళ్లీ వేయాలా? ముందే ఏమీ అనుకోలేదు. వంగి చూసి, ఏం పడిందో చూశాక ‘లెక్కే’ అనో ‘లెక్క కాదు’ అనో అంటే అది నాణెం తీర్పు కాదు, నా తీర్పు. అందుకని మంచం కిందకి చూడకుండానే, దొర్లిన నాణెం మళ్లీ వేయాలి అని ఒక రూలు రాసుకుని, తీసి మళ్లీ వేశాను. ఆరోసారి అంతకన్నా పెద్ద పరీక్ష వచ్చింది. సరదాకి పెట్టిన ఆ సీ మేజర్ వచ్చి కూర్చుంది, అదీ బాగా బిగ్గరగా, బాగా పొడుగ్గా. అప్పటిదాకా కొద్దిగా వింతగా, కొద్దిగా అందంగా వస్తున్నదాని మధ్యలో బడి గంట కొట్టినట్టుంది. చెయ్యి దానంతటదే మళ్లీ నాణేల మీదకి పోయింది. ఒక్కసారి, ఎవరు చూస్తారు గనక? అప్పుడు అర్థమైంది, ఈ పద్ధతిలో కష్టం నాణేలు వేయడం కాదు, పడినదాన్ని ఒప్పుకోవడం. మీ వ్యాసకర్త ‘ఏది పడితే అది’ అన్నారు చూడండి, సరిగ్గా అదే, పడిందే ఉంచాలి, మనకి కావలసింది కాదు. ఆ మాటని ఆయన సులువు అనే అర్థంలో వాడారు, నాకు తిరకాసుగా అనిపించింది. (తొమ్మిదీ వాయించి చూస్తుంటే మా అమ్మాయి వచ్చి, ‘నాన్నా, కీబోర్డ్ పాడైందా?’ అంది. ఆ విమర్శని కూడా ఒప్పుకున్నాను.)

ఇష్టాయిష్టాలని పక్కన పెట్టడమే కేజ్ అసలు ఉద్దేశం, ఆ కోరిక ఆయనకి ఎక్కడి నుంచి వచ్చిందన్నది మీ వ్యాసంలో పూర్తిగా జారిపోయింది. 1946లో మన సంగీతకారిణి గీతా సారాభాయి న్యూయార్క్ వెళ్లారు, పాశ్చాత్య సంగీతం నేర్చుకోవడానికి. కేజ్ ఆమెకి కౌంటర్‌పాయింట్ (వేర్వేరు రాగాల్ని ఒకేసారి కలిపి నడిపే విద్య) చెప్పాడు, ఆమె ఆయనకి భారతీయ సంగీతం చెప్పారు, ఫీజుల్లేవు. మీ గురువు సంగీతం దేనికని చెప్పారు అని కేజ్ అడిగితే, మనసుని నిమ్మళింపజేసి దైవ ప్రభావాలకి అనువుగా చేయడానికి అన్నారట ఆమె. ఈ మాట ఆయన జీవితాంతం చెప్పుకుంటూ వచ్చాడు. అంతకుముందు ఆయన బాధ ఏమిటంటే, తాను విషాదంగా అనుకుని రాసింది వింటూ జనం నవ్వుతున్నారు. మన భావం అవతలివాడికి చేరడం లేదంటే సంగీతం దేనికి అని కొట్టుకుంటున్నవాడికి ఈ జవాబు దొరికింది. తర్వాత జెన్ బౌద్ధం గురించి జపాన్ పండితుడు సుజుకి ఇచ్చిన ఉపన్యాసాలు విన్నాడు. నాణేల దాకా వచ్చిన దారి ఇది. అల్లరి చేద్దామని బయల్దేరినవాడు కాదు.

మన పాత లౌకిక న్యాయాల్లో, అంటే సామెతల్లాంటి పోలికల్లో, ఘుణాక్షర న్యాయం అని ఒకటుంది కదా. కర్రని పురుగు తొలుచుకుంటూ పోతే ఆ దారి ఒకచోట అక్షరంలా కనిపిస్తుంది, పురుగుకి మాత్రం అక్షరజ్ఞానం లేదు. కేజ్ 1952లో మొదలుపెట్టిన ‘మ్యూజిక్ ఫర్ పియానో’ వరస నాకు ఎప్పుడూ దీన్నే గుర్తు చేస్తుంది. నాణేలతో పని మరీ ఆలస్యమవుతోందని, కాగితం మీద సహజంగా ఉండే మచ్చలు, నలుసులు వెతికి, ఉన్నచోటల్లా ఒక చుక్క పెట్టి, దాని మీద సంగీతపు గీతలు గీసి, ఆ చుక్కల్నే స్వరాలు చేశాడు. ఒక తేడా ఉంది. పురుగు తొలిచిన కర్రలో అక్షరం అనుకోకుండా కనిపిస్తుంది, ఇక్కడ మచ్చ ఎక్కడుంటే అక్కడ స్వరం అని మనిషి ముందే ఒట్టు పెట్టుకుని కాగితం చేతిలోకి తీసుకున్నాడు. వ్యాసంలో ‘గాలివాటం’ అన్న మాట నాలుగుసార్లు వచ్చింది, ఆ ఒట్టు సంగతి ఒక్కసారీ రాలేదు.

ఇంకో విచిత్రం చెప్తాను. ఈ చాన్స్ పద్ధతి మీద నేను చదివినవాటిలో అన్నిటికన్నా గట్టి విమర్శ కేజ్ స్వయంగా చేసిందే. 1958లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఆయన అనిశ్చితి మీద ఉపన్యాసం ఇస్తూ తన మ్యూజిక్ ఆఫ్ చేంజెస్‌నే బోనులో నిలబెట్టాడు. నాణేలు పుట్టించిన ఈ స్వరాలన్నీ కలిసి పియానో ముందు కూర్చున్న మనిషిని శాసిస్తున్నాయి, ఇది ఫ్రాంకెన్‌స్టైన్ రాక్షసుడిలా భయపెడుతోంది అన్న అర్థంలో మాట్లాడాడు. అంటే కంపోజర్ తన పెత్తనం వదులుకున్నాననుకున్నాడు, తీరా చూస్తే ఆ పెత్తనం కాగితం చేతికి వెళ్లింది, వాయించేవాడి బతుకు మాత్రం ఎప్పటిలాగే ఉంది. అదే ఉపన్యాసంలో అనిశ్చితికి ఒక ఉదాహరణగా ఆయన తీసుకున్నది ఎవర్నో తెలుసా, పాశ్చాత్య సంప్రదాయానికి మూలస్తంభం లాంటి బాఖ్‌ని. ‘ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్’ ఏ వాద్యం మీద వాయించాలో చెప్పలేదు, కాబట్టి ఆ మేరకి అదీ అనిశ్చితమే అని. ఇది చదివాక ‘పాశ్చాత్య సంగీత సంప్రదాయాన్ని బుట్టదాఖలు చేశారు’ అన్న మీ ఉపశీర్షిక నాకు కొంచెం వింతగా తోచింది.

సరే, పగ్గాలు వాయించేవాడికి ఇస్తే ఏం జరుగుతుంది? జర్మన్ కంపోజర్ స్టాక్‌హౌజెన్ 1956లో రాసిన ‘పియానో పీస్ 11’ ఒకే ఒక్క పెద్ద కాగితం. దాని మీద 19 ముక్కలు అక్కడొకటి ఇక్కడొకటి చెదురుగా ఉంటాయి. పియానిస్ట్ కళ్లు ఎక్కడ పడితే అక్కడ మొదలుపెట్టాలి. ముక్క పూర్తవగానే దాని చివర, తర్వాతది ఎంత వేగంగా, ఎంత బిగ్గరగా, ఎలాంటి తాకిడితో వాయించాలో రాసుంటుంది. ఆ తర్వాతది ఏదన్నది మాత్రం మళ్లీ కంటి చలవే. ఏదో ఒక ముక్క మూడోసారి వచ్చిందా, ఆట ముగిసింది. ప్రతి ముక్కలోనూ స్వరాలన్నీ కచ్చితంగా రాసున్నాయి, వరస ఒక్కటే ఖాళీ. ఎంత ఇచ్చాడు, ఎంత దాచుకున్నాడు అన్న లెక్క స్పష్టం.

కేజ్ 1961లో చేసిన ‘వేరియేషన్స్ 2’ దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు. స్వరం అన్నదే ఉండదు. పదకొండు పారదర్శక షీట్లు, ఆరింటి మీద ఒక్కో గీత, ఐదింటి మీద ఒక్కో చుక్క. వాటిని ఒకదాని మీద ఒకటి పడేసి, ప్రతి చుక్క నుంచి ప్రతి గీతకీ లంబం గీసి, ఆ దూరం కొలవాలి. ఒక గీత స్వరం ఎత్తుకి, ఒకటి శబ్దానికి, ఒకటి నాదం రంగుకి, ఒకటి నిడివికి, ఒకటి ఎప్పుడు మోగాలన్నదానికి, చివరిది ఆ ధ్వని నిర్మాణానికి. కేజ్ రచనలు వాయించిన పియానిస్ట్ డేవిడ్ ట్యూడర్ ఇలాంటి స్కోరు వస్తే వేదిక మీదకి నేరుగా వెళ్లిపోయేవాడు కాదు. స్కేలు పట్టుకుని కూర్చుని, కొలతలు తీసి, లెక్కలు కట్టి, వాయించడానికి తన సొంత స్కోరు ముందే తయారుచేసుకునేవాడు. వాయించేవాడికి ‘ఏదైనా ఫరవాలేదు’ అని చెప్తే ఇంత చాకిరీ ఎందుకు చేస్తాడు చెప్పండి.

అయితే మీ వ్యాసకర్త చెప్పనిది, చెప్పి ఉంటే ఆయన వాదనకే బలం వచ్చేది, నేను చెప్తాను. అందరూ ట్యూడర్‌లు కారు. 1958 మే 15న న్యూయార్క్ టౌన్ హాల్‌లో కేజ్ ‘కన్సర్ట్ ఫర్ పియానో అండ్ ఆర్కెస్ట్రా’ మొదటిసారి వాయించారు. పియానో భాగం 63 పేజీలు, ఎవరి భాగం వాళ్లదే, అన్నీ కలిపి చూపించే స్కోరు లేదు, డాన్సర్ మెర్స్ కన్నింగ్‌హామ్ వాద్యబృందాన్ని నడిపే కండక్టర్‌గా నిలబడి చేతులు గడియారం ముళ్లలా తిప్పాడు. ఆ కచేరీ రికార్డింగ్ ఉంది, జనం నవ్వులూ ఎగతాళి చప్పట్లూ అన్నీ అందులోనే వినిపిస్తాయి. వాద్యకారుల్లో కొందరు కూడా సందు దొరికిందని తమకి తోచిన కోణంగి రాగాలు తీశారు. 1964లో కండక్టర్ లియొనార్డ్ బెర్న్‌స్టైన్ న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కేజ్ ‘అట్లాస్ ఎక్లిప్టికాలిస్’ పెట్టినప్పుడు ఇంకా దారుణం. నక్షత్ర పటాల మీద సంగీతపు గీతలు పరిచి, చుక్క ఉన్నచోట స్వరం పెట్టి రాసిన రచన అది. వాద్యాలకి కాంటాక్ట్ మైకులు తగిలించారు. జనం మధ్యలోనే లేచి వెళ్లిపోవడం సరే, ఆర్కెస్ట్రాలోనే కొందరు రాసిందాన్ని పక్కన పెట్టి ఇష్టం వచ్చింది వాయించారు, మైకుల్ని పాడుచేశారు, చివర్లో నమస్కారం పెట్టడానికి వచ్చిన కంపోజర్‌ని బుసకొట్టి పంపించారు.

ఇక్కడ తప్పెవరిది? నేను వాద్యకారుల్ని పూర్తిగా తప్పుపట్టలేను, పాతికేళ్లు ఒక్క అపస్వరం పోకూడదని సాధన చేసినవాడికి ఒక రోజు పొద్దున ‘నువ్వే చూసుకో’ అంటే అవమానంగా అనిపించడం సహజం. కేజ్ మిత్రుడు, కంపోజర్ మార్టన్ ఫెల్డ్‌మన్ ఈ దెబ్బ అందరికన్నా ముందే తిన్నాడు. 1950, 51 ప్రాంతంలోనే గళ్ల కాగితం మీద పై స్థాయి, మధ్య స్థాయి, కింది స్థాయి అని మాత్రం చూపించి, ఏ స్వరమో వాయించేవాళ్లకి వదిలేసినవాడు. కొన్నేళ్లయ్యాక, నేను స్వరాలకి స్వేచ్ఛ ఇద్దామనుకున్నాను, ఇచ్చింది వాయించేవాళ్లకి కూడా అని తేలింది, లోపం అక్కడే ఉంది అన్న అర్థంలో రాసుకున్నాడు. ఈ ఒక్క మాట పట్టుకుని ఉంటే మీ వ్యాసానికి నిజమైన కోర దొరికేది.

ఇంతకీ స్వేచ్ఛ అంటే ఆశువుగా వాయించడమేనా? కాదు, ఇదీ వ్యాసంలో కలగాపులగమైంది. ఆశువుగా వాయించేవాడు తన చేతికి అలవాటైన దారుల్లోనే పోతాడు, తనకి నచ్చిందే తీస్తాడు, అందులో తప్పేమీ లేదు, గొప్ప సంగీతం అలాగే పుట్టింది. కానీ కేజ్ తప్పించుకోవాలనుకున్నది సరిగ్గా ఆ అలవాటునే, ఆ నచ్చడాన్నే. అందుకే ఆయనకి చాలాకాలం ఆశువుగా వాయించడమంటే పడేది కాదు. అమెరికన్ కంపోజర్ టెరీ రైలీ 1964లో రాసిన ‘ఇన్ సి’ వీటి మధ్యలో ఎక్కడో నిలబడుతుంది. 53 చిన్న ముక్కలు, వరస మారదు, ఎంతమందైనా వాయించవచ్చు, ఒక్కో ముక్క ఎన్నిసార్లు తిప్పి తిప్పి వాయించాలో ఎవరిష్టం వాళ్లది, కానీ పక్కవాళ్లకి మరీ దూరం పోకుండా చెవి వాళ్ల మీద వేసి ఉంచాలి. చాన్స్ సంగీతం అంటే భయపడేవాళ్లు ముందు ఇది వినాలి. నాకైతే ఇది ఆనందం, మ్యూజిక్ ఆఫ్ చేంజెస్ మాత్రం గౌరవం. రెండూ ఒకటని అబద్ధం ఆడను.

గ్రీకు కంపోజర్ జెనాకిస్‌ని తీసుకొచ్చి ఇదే గంపలో పడేశారు, అది చూసి నిజంగా నొచ్చుకున్నాను. ఆయన ఇంజినీరు, నాణెం ఎగరేసే మనిషి కాదు, కేజ్ తరహా చాన్స్ మీద ఆయనకి నమ్మకమూ లేదు. ఆయన తీసుకున్నది సంభావ్యత గణితం. రేకుల కప్పు మీద వడగళ్లు పడుతుంటే ఏ గడ్డ ఎప్పుడు పడిందో ఎవరికీ పట్టదు, మొత్తం చప్పుడు చిక్కబడుతోందా పలచబడుతోందా అన్నదే చెవికి తెలుస్తుంది. కీచురాళ్ల రొదా అంతే. యుద్ధకాలంలో ఏథెన్స్ వీధుల్లో వేలమంది నినాదం చేస్తూ వస్తుంటే, అది తుపాకుల దెబ్బకి చెదిరిపోయి గోలగా మారడం ఆయన స్వయంగా విన్నాడు. 1955, 56లో రాసిన ‘పిథోప్రాక్టా’లో తీగ వాద్యాల మీద ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే జారుళ్ల వేగాల్ని వాయువులోని అణువుల వేగాల్లా భావించి, భౌతికశాస్త్రంలోని సూత్రంతో లెక్కగట్టాడు. ఒక్కో స్వరం అనుకోనిదే, ఆ స్వరాల మబ్బు మొత్తం మాత్రం ఆయన గీసినట్టే ఉంటుంది. అంటే పగ్గాలు వదిలేయడం మాట అటుంచి, ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. దీన్ని కేజ్ పక్కన పెట్టి ‘ఇద్దరూ పాచికల వాళ్లే’ అనడం, లెక్కల మాస్టారినీ లాటరీ వాడినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టడం.

మోత్సార్ట్ కూడా పాచికలతో రాశాడుగా అని వ్యాసంలో ఒక వాక్యం ఉంది. 1790లలో ఆయన పేరుతో అచ్చయిన పాచికల ఆట ఉన్న మాట నిజమే, అది ఆయనదే అని మాత్రం ఎవరూ నిరూపించలేదు. రెండు పాచికలు వేసి, వచ్చిన మొత్తాన్ని బట్టి పట్టికలో చూసి 16 గతుల (తాళపు గళ్ల) వాల్ట్జ్ అనే నాట్య సంగీతం పేర్చుకోవడం. ఎనిమిదో గతికి ఎన్ని పడ్డా ఒకటే సమాధానం, చివరి గతికి రెండే. అలా తీసేసినా 759 లక్షల కోట్లకు పైగా వాల్ట్జులు వస్తాయి, ఏ ఒక్కటీ చెవికి గుచ్చుకోదు, ఎందుకంటే ఎటు పోయినా కుదిరేలా ముక్కలు ముందే కోసి పెట్టారు. కేజ్ చేసినదానికి ఇది తాత కాదు, ఇక్కడ పాచిక ఏం చెప్పినా అభిరుచికి దెబ్బ తగలదు. నా సీ మేజర్ లాంటి ప్రమాదం ఇందులో జరగదు.

హాల్బర్‌స్టాట్ ఆర్గన్ (చర్చిల్లో గాలితో మోగే పెద్ద వాద్యం) గురించి రాసిన పేరాలో తప్పు దిద్దాలి. జర్మనీలో ఆ చర్చిలో కేజ్ రచన 639 ఏళ్లు నడవడం ‘యాదృచ్ఛికంగా తేలిన సంఖ్య’ అని రాశారు. కాదు. ఆ ఊళ్లో 1361లో పెద్ద ఆర్గన్ కట్టారు, అప్పటి నుంచి 2000 దాకా లెక్కేస్తే 639. అది జనం కూర్చుని ఎంచుకున్న సంఖ్య. నాకు ఈ రచన ఎందుకు ఇష్టమంటే, నేను పైన మొత్తుకున్న తేడా రెండు వైపులా ఇందులోనే కనిపిస్తుంది. స్వరాలు తేలింది చాన్స్‌తో, అవి కాగితం మీద కదలవు. వేగం మాత్రం అనిశ్చితం, పేరే ‘ఎంత నిదానంగా వీలైతే అంత’. 1987లో ఆర్గన్‌కి రాసినది, మామూలుగా అరగంటలోనో గంటలోనో అయిపోయేది, 2001 సెప్టెంబర్ 5న, కేజ్ పుట్టినరోజున, అక్కడ మొదలై 2640 దాకా నడుస్తుంది. మొదట్లో విరామం ఉంది గనక 2003 ఫిబ్రవరి దాకా గాలితిత్తుల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇప్పుడు మీటల్ని ఇసుక సంచులు నొక్కి పట్టుకుని ఉంటాయి, స్వరం మారే రోజున జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఏళ్ల తరబడి ఒకే స్వరగుచ్ఛం మోగుతూ ఉంటుంది. పిచ్చే, ఒప్పుకుంటాను. కానీ గాలివాటం పిచ్చి కాదు.

వాయించేవాడు ఒక్క స్వరమూ వాయించని కేజ్ రచన ‘4 నిమిషాల 33 సెకన్లు’ మీద రాసిన జోకులకి జవాబివ్వను, అవి 1952 నుంచీ ఉన్నవే. ఒక చిన్న వివరం చేరుస్తాను, ఆ నిడివి కూడా కేజ్ చీట్లు తీస్తూ చిన్న చిన్న నిశ్శబ్దాలు కూడబెట్టగా వచ్చిందే. వుడ్‌స్టాక్‌లో ట్యూడర్ పియానో మూత వేసుకుని కూర్చున్నప్పుడు మొదటి భాగంలో బయట గాలి, రెండో భాగంలో కప్పు మీద చినుకులు, మూడో భాగంలో జనం గొణుగుళ్లు వినిపించాయని కేజ్ తర్వాత చెప్పుకున్నాడు. రాసినవాడికీ వాయించినవాడికీ తెలియని స్వరాలు. రెండు పద్ధతులూ ఒకేచోట కలిసిన ఇంకో ఉదాహరణ, మీరు జోకు కింద వాడేశారు.

వ్యాసంలో నన్ను నిజంగా ఇరుకున పెట్టిన ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటేసి పోతే నాకే బాగుండదు. నాణేలు వేశారో లేదో వినేవాడికి ఎలా తెలుస్తుంది అని అడిగారు. తెలియదు. ఫ్రెంచ్ కంపోజర్ పియర్ బులెజ్ 1952 ప్రాంతంలో రెండు పియానోలకి రాసిన ‘స్ట్రక్చర్స్’ మొదటి భాగంలో స్వరం, నిడివి, శబ్దం, తాకిడి అన్నీ వరసలు కట్టి నడిపాడు, చాన్స్‌కి చోటే లేదు. దాన్నీ మ్యూజిక్ ఆఫ్ చేంజెస్‌నీ పక్కపక్కన పెట్టి వింటే చాలామందిలాగే నేనూ తడబడతాను. పూర్తిగా అదుపులో పెట్టినదీ పూర్తిగా వదిలేసినదీ చెవికి దాదాపు ఒకేలా చేరడం ఈ సంగీతం మొత్తానికీ గొంతులో ముల్లే. బులెజ్ 1957లో ‘ఆలియా’ అని వ్యాసం రాసి చాన్స్ వాడకాన్ని ఏకిపారేశాడు, ఆలియా అంటే లాటిన్‌లో పాచికే, ఇలాంటి సంగీతానికి వాడే ఆలియటోరిక్ అన్న మాట ఆ లాటిన్ మాట నుంచి వచ్చిందే. ఏకిపారేసినవాడే తన మూడో పియానో సొనాటాలో వాయించేవాడికి దారులు ఎంచుకునే వీలు పెట్టాడు. ఇవతల పోలెండ్ కంపోజర్ లుటోస్లావ్‌స్కీ 1960లో రేడియోలో కేజ్ కన్సర్ట్ కొద్దిసేపు విని, తన పద్ధతే మార్చుకున్నాడు, మరుసటి ఏడాది ‘వెనీషియన్ గేమ్స్’లో స్వరాలన్నీ తానే రాసి, ఒకరితో ఒకరు తాళం కలపక్కర్లేదని మాత్రం వాద్యకారులకి చెప్పాడు. వినడానికి బాగుంటుంది కూడా. అంటే నాణేల వల్ల వచ్చిన ఫలితం నాణేలు వేసినవాడి రచనల్లోనే వెతకనక్కర్లేదు. నా దగ్గర ఉన్న జవాబు అంతే, పూర్తి జవాబు కాదని తెలుసు.

కాబట్టి అడిగేది రెండే. 639 ఏళ్ల సంగతి, జెనాకిస్ సంగతి దిద్దుతూ వచ్చే వారం నాలుగు వాక్యాలు వేయండి. ఈసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు ఎవరు దేన్ని వదులుకున్నారు, రాసేవాడా, వాయించేవాడా అని వ్యాసకర్తని ఒక్కసారి అడగండి. నేను నాణేలతో రాసిన తొమ్మిది ధ్వనుల కాగితం ఫోటో కూడా పంపుతున్నాను. చోటుంటే వేయండి, లేకపోతే లేదు. వేస్తే మాత్రం ఉన్నది ఉన్నట్టే వేయండి, ఆరో చోట ఉన్న సీ మేజర్ అచ్చుతప్పు కాదు.

ఇట్లు
మీ పాఠకుడు